రావి నారాయణరెడ్డి: సాయుధ పోరు నుంచి పార్లమెంటు దాకా – తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా సెప్టెంబర్ వచ్చిందంటే నల్లగొండ, భువనగిరి వైపు బడిపిల్లలకు ప్రాజెక్టు వర్కులు మొదలవుతాయి. సాయుధ పోరాటం గురించి రాసుకు రమ్మంటారు. పిల్లలతో పాటు వాళ్ల అమ్మానాన్నలకూ సందేహాలు వస్తాయి. కొన్నేళ్లుగా నన్ను అడుగుతున్న ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒక్క మనిషి చుట్టూనే తిరుగుతున్నాయి. అందుకే వాటన్నిటికీ ఒకే చోట జవాబులు రాశాను. ఈ మనిషి అంటే నాకు చిన్నప్పటి నుంచి గౌరవం. ఆ గౌరవం జవాబుల్లోనూ కనపడుతుంది, దాచుకోను.

రావి నారాయణరెడ్డి ఎవరు? రెండు మాటల్లో చెప్పండి.

నిజాం పాలన మీద తెలంగాణ రైతాంగం చేసిన సాయుధ పోరాటానికి ముందు నిలిచిన నాయకుడు. 1952లో దేశంలో జరిగిన మొదటి సాధారణ ఎన్నికల్లో నల్లగొండ నుంచి లోక్‌సభకు గెలిచి, నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న వ్యక్తి.

ఏ ఊరు? ఎప్పుడు పుట్టారు?

1908 జూన్‌లో బొల్లేపల్లిలో పుట్టారు. అప్పట్లో అది నల్లగొండ జిల్లా భువనగిరి తాలూకాలో ఉండేది. 2016లో జిల్లాలు విడిపోయాక యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వచ్చింది. పాత పుస్తకాల్లో నల్లగొండ అని, కొత్తవాటిలో యాదాద్రి అని కనపడితే కంగారు పడకండి, ఊరు ఒకటే.

ఆయన కూడా దొరల కుటుంబమే కదా? మరి దొరల మీద ఎట్లా తిరగబడ్డారు?

అందరికంటే ఎక్కువగా పిల్లలే ఈ ప్రశ్న అడుగుతారు. మంచి ప్రశ్న.

అవును, ఆయనది బాగా భూమి ఉన్న కుటుంబమే. కానీ చదువుకునే రోజుల్లోనే గాంధీ ప్రభావంలో పడ్డారు. 1930లో ఉప్పు సత్యాగ్రహం కోసం కాకినాడ దాకా వెళ్లారు. నిజాం రాజ్యంలో ఉన్నవాడికి ఉప్పు చట్టాన్ని ఉల్లంఘించాలంటే బ్రిటిష్ ఆంధ్రాకు పోవాల్సిందే, ఎందుకంటే ఇక్కడ సముద్రం లేదు. కరీంనగర్ నాయకుడు బద్దం ఎల్లారెడ్డి కూడా ఆ దారిలోనే వెళ్లారు. తర్వాత నారాయణరెడ్డి హైదరాబాద్ రాష్ట్రంలో హరిజన సేవక సంఘం కార్యదర్శిగా పనిచేశారు. దళిత పిల్లల చదువు కోసం తిరిగారు. ఆ తిరుగుడే ఆయన్ని మార్చిందని నాకనిపిస్తుంది. గడీ (దొర కోటలాంటి ఇల్లు) అరుగు మీద కూర్చున్నవాళ్లకు పల్లె ఒక రకంగా కనపడుతుంది, వాడకట్టులోకి పోయి కూర్చున్నవాళ్లకు ఇంకో రకంగా కనపడుతుంది.

1938లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు పోయారు. ఆ తర్వాత కమ్యూనిస్టు అయ్యారు. తన భూమిలో కొంత పేదలకు పంచిపెట్టారు.

అప్పటి పరిస్థితి అంత ఘోరంగా ఉండేదా? పెద్దవాళ్లు కాస్త ఎక్కువ చేసి చెప్తున్నారా?

ఎక్కువ చేసి చెప్పడం లేదు. నిజానికి చాలామంది తక్కువే చెప్తారు. ఎందుకంటే కొన్ని సంగతులు మనవళ్ల ముందు చెప్పుకోవడానికి నోరు రాదు.

వెట్టి అంటే కూలి లేని చాకిరీ. కుమ్మరి కుండలివ్వాలి, చాకలి బట్టలుతకాలి, మంగలి గడ్డం గీయాలి, మాదిగలు చెప్పులు కుట్టివ్వాలి, అన్నీ ఉచితంగానే. దొర బండి కడితే ముందు పరిగెత్తే మనిషి కూడా వెట్టికే పరిగెత్తాలి. అప్పు తీరనివాడు భగేలాగా తరతరాలు దొర ఇంట్లోనే పడి ఉండాలి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో లెవీ ధాన్యం వచ్చింది, అంటే రైతు పంటలో కొంత సర్కారుకు తప్పనిసరిగా కొలవాలి. పేద రైతు గింజలు ముందు కొలుచుకుపోయేవాళ్లు, దొర గరిసెల జోలికి ఎవరూ పోయేవాళ్లు కాదు.

భూమి లెక్కలు చూస్తే గుండె ఆగుతుంది. విసునూరు దేశ్‌ముఖ్ కింద 40,000 ఎకరాలు ఉండేవని, సూర్యాపేట వైపు జన్నారెడ్డి కుటుంబం కింద లక్షన్నర ఎకరాల దాకా ఉండేవని పోరాట చరిత్ర రాసినవాళ్లంతా చెప్తారు. ఇప్పుడు మనం గుంటల కోసం కోర్టుల చుట్టూ తిరుగుతున్నాం కదా, ఆ కళ్లతో ఆ అంకెలను ఒకసారి చూడండి.

'సంఘం' అంటే ఏది? మా తాత 'సంగపోళ్లు' అని చెప్పేవాడు.

ఆంధ్ర మహాసభ. తెలుగు భాషకూ చదువుకూ గౌరవం కావాలని మొదలైన సంస్థ అది. మొదటి మహాసభ 1930లో జోగిపేటలో జరిగింది. దానికి అధ్యక్షుడు మన పాలమూరు బిడ్డ, గోల్కొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి. రెండోది 1931లో మన దేవరకొండలోనే జరిగింది. షాద్‌నగర్‌లోనూ ఒకటి జరిగింది. అంటే దక్షిణ తెలంగాణ ఆ సంస్థకు పుట్టిల్లు లాంటిది.

మొదట్లో అది వకీళ్ల, చదువుకున్నవాళ్ల సభ. గ్రంథాలయాలు, బడులు, విన్నపాలు, తీర్మానాలు. 1941లో చిలుకూరులో జరిగిన సభకు నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యారు. (హైదరాబాద్ పక్కన బాలాజీ గుడి ఉన్న చిలుకూరు కాదు, కోదాడ దగ్గరి చిలుకూరు. ఈ తప్పు చాలామంది చేస్తారు.) 1944లో భువనగిరి సభకూ ఆయనే అధ్యక్షుడు. అక్కడే సభ రెండుగా చీలింది. మితవాదులు వేరుపడ్డారు. ఆ తర్వాత సభ్యత్వ రుసుం తగ్గింది, తీర్మానాల్లోకి వెట్టి, కౌలు, బేదఖలు (రైతును భూమి నుంచి వెళ్లగొట్టడం) వచ్చాయి. చీటీ తీసుకుని సభ్యుడైనవాడికి ఊళ్లో ఒక ధైర్యం వచ్చేది. అందుకే దానికి 'చీటీల సంఘం' అనే పేరొచ్చింది. దొర ముందు 'నీ బాంచన్' అన్న నోరు 'నేను సంఘం మనిషిని' అనడం అప్పుడే మొదలైంది.

ఆ సభ ఎట్లా మారిందో తెలియకపోతే తర్వాత తుపాకీ ఎందుకు వచ్చిందో అర్థం కాదు. పిల్లలు ఈ భాగం వదిలేసి నేరుగా 1948కి దూకుతారు. అట్లా దూకొద్దు.

మొదట్లో తుపాకులు ఉండేవా?

లేవు. గుత్పలు (దుడ్డుకర్రలు), వడిసెలలు, రోకళ్లు, కారం పొడి. 'గుత్పల సంఘం' అనే మాట అందుకే పుట్టింది. 1946 జూలై 4న కడవెండిలో, విసునూరు దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఆ ఊరు అప్పుడు నల్లగొండ జిల్లాలో ఉండేది, ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది. పాలకుర్తి చాకలి ఐలమ్మ తన పంట మీద, కౌలు భూమి మీద అదే దొరతో కొట్లాడింది కూడా ఆ రోజుల్లోనే. కొమరయ్య చావు తర్వాత ఊళ్లకు ఊళ్లు కదిలాయి.

1947 సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ కలిసి సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. అటు దేశానికి ఆగస్టు 15న స్వాతంత్ర్యం వచ్చింది, ఇక్కడ నిజాం విలీనానికి ఒప్పుకోలేదు, పైగా కాసిం రజ్వీ రజాకార్లు ఊళ్ల మీద పడుతున్నారు. చిట్యాల దగ్గరి గుండ్రాంపల్లిలో, అటు బైరాన్‌పల్లిలో వాళ్లు చేసిన హత్యాకాండలు ఇప్పటికీ ఆ ఊళ్లవాళ్ల మనసుల్లో పచ్చిగానే ఉన్నాయి. ఆ పిలుపు తర్వాతే గెరిల్లా దళాలు ఏర్పడ్డాయి, భర్మార్లతో (మందు కూరి పేల్చే నాటు తుపాకులతో) మొదలుపెట్టి పోలీసుల నుంచి గుంజుకున్న రైఫిళ్ల దాకా వచ్చారు.

ఇంతకీ ఆయన నిజంగా సైనికుడేనా?

జీతం తీసుకుని యూనిఫాం వేసుకున్న సైనికుడు కాదు. ఏ సైన్యంలోనూ పనిచేయలేదు. ఊరి జనమే సైన్యమైన పోరాటంలో ఆయన రాజకీయ నాయకత్వం వహించారు. దళాన్ని వెంటబెట్టుకుని చేలల్లో, గుట్టల్లో నేరుగా పోరాడిన కమాండర్లు వేరే ఉన్నారు. ఆ మాటకొస్తే తుంగతుర్తి వైపు కరివిరాలకు చెందిన భీమిరెడ్డి నర్సింహారెడ్డి అచ్చమైన గెరిల్లా కమాండర్. ఆయనా తర్వాత శాసనసభకు, మిర్యాలగూడ నుంచి మూడుసార్లు లోక్‌సభకు గెలిచారు. 1971లో ప్రత్యేక రాష్ట్రం కోరిన తెలంగాణ ప్రజా సమితి గాలి వీచి, తెలంగాణలోని 14 లోక్‌సభ స్థానాల్లో 10 ఎత్తుకుపోయినా మిర్యాలగూడ మాత్రం ఆయన్నే పంపింది. ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యం తుపాకీ పట్టి, తర్వాత తుంగతుర్తి నుంచి రెండుసార్లు ఎమ్మెల్యే అయ్యారు. వాళ్ల మీద విడిగా రాయాల్సినంత ఉంది.

పోరాటం ఎంత పెద్దది?

దాదాపు 3,000 గ్రామాల్లో ప్రజారాజ్యాలు నడిచాయని, 10 లక్షల ఎకరాలు పంచారని, 4,000 మంది ప్రాణాలు పోయాయని ఉద్యమ నాయకులు చెప్పిన లెక్క. ఊరి కమిటీలే తగాదాలు తీర్చాయి, వెట్టి ఆగిపోయింది, కూలి పెరిగింది.

సైన్యం వచ్చాక ఏం జరిగింది? ఆయన పోరాటం ఆపమన్నారని కొందరు ద్రోహి అంటారు. నిజమేనా?

అన్నిటికంటే బరువైన ప్రశ్న ఇదే. అందుకే జవాబు పొడుగ్గా ఉంటుంది.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. రజాకార్ల పీడ వదిలింది. ఊళ్లలో జనం సైన్యానికి హారతులు పట్టారు. కానీ అదే సైన్యం కొద్ది రోజుల్లోనే కమ్యూనిస్టు దళాల మీదికి మళ్లింది. పారిపోయిన దొరలు ఖద్దరు టోపీలు పెట్టుకుని తిరిగొచ్చారు, పంచిన భూములు గుంజుకోవడం మొదలుపెట్టారు. అప్పుడు కమ్యూనిస్టు పార్టీలో రెండు వాదనలు వచ్చాయి.

ఒకటి: భూమి పోతుంటే తుపాకీ ఎట్లా దించుతాం, కొనసాగించాలి. పుచ్చలపల్లి సుందరయ్య, దేవులపల్లి వెంకటేశ్వరరావు వంటివాళ్లు ఇటు నిలబడ్డారు. ఈ వాదన ఊరికే వచ్చింది కాదు. నిన్న గాక మొన్న చేతికొచ్చిన నాలుగెకరాలు పోతున్న రైతు వైపు నుంచి చూడండి, అందులో న్యాయం కనపడుతుంది.

రెండోది నారాయణరెడ్డి వాదన. నిజాం మీద మనతో వచ్చిన రైతులంతా నెహ్రూ ప్రభుత్వం మీద రారు. నిజాం పోవాలని వాళ్లు కోరుకున్నారు, నిజాం పోయాడు. భర్మార్లతో ఒక దేశ సైన్యాన్ని ఎదిరించలేం. పోరాటం కొనసాగితే మన మనుషులు చస్తారు, జనం దూరమవుతారు. కాబట్టి ఆయుధాలు దించి జనంలోకి బహిరంగంగా పోవాలి. ఈ మాట ఆయన గుసగుసగా చెప్పలేదు, రాసి మరీ చెప్పారు. దానికి సొంతవాళ్ల నుంచే తిట్లు తిన్నారు.

జరిగింది చూస్తే, దళాలు ఊళ్లలో నిలవలేక ఒక వైపు గోదావరి అడవులకు, ఇటు మన అచ్చంపేట వైపు నల్లమలకు తరలిపోవాల్సి వచ్చింది. మైదానంలో మిగిలిన జనం పోలీసు క్యాంపుల్లో దెబ్బలు తిన్నారు. చివరికి 1951 అక్టోబర్ 21న పార్టీయే పోరాటాన్ని విరమించింది.

పిలుపునిచ్చిన మనిషే ఆపమనడం ఎంత కష్టమో ఆలోచించండి. పిలుపునిచ్చిన రోజు జనం జేజేలు కొడతారు. ఆపమన్న రోజు 'భయపడ్డాడు' అంటారు. ఆ నింద మీద పడుతుందని తెలిసీ చెప్పారు. ఆయన జీవితంలో అసలైన ధైర్యం నాకు ఇక్కడే కనపడుతుంది. ద్రోహి అనే మాటను నేను ఒప్పుకోను. కొనసాగించాలన్నవాళ్లనూ తప్పుపట్టను, వాళ్లు ప్రాణాలు పణంగా పెట్టి ఆ మాట అన్నారు.

నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయన్నది నిజమా, గొప్పకు చెప్పుకునేదా?

నిజం. నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లు వచ్చాయి. నెహ్రూకు ఉత్తరప్రదేశ్‌లో 2,33,571. దేశం మొత్తం మీద నారాయణరెడ్డికి వచ్చినవే అత్యధిక ఓట్లు.

ఒక వివరం మాత్రం తెలిసి ఉండాలి. నల్లగొండ అప్పుడు ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఒకటి జనరల్, ఒకటి షెడ్యూల్డ్ కులాలకు. ఒక్కో ఓటరుకు రెండు ఓట్లు ఉండేవి. కాబట్టి ఓట్ల సంఖ్య పెద్దగా కనపడుతుంది. 'అందుకే అంత వచ్చాయి' అని ఎవరైనా వాదిస్తే, నెహ్రూ పోటీ చేసిన స్థానం కూడా ఇద్దరు సభ్యులదేనని చెప్పండి. పోలిక సమానమే. నల్లగొండ రెండో సీటు కూడా ఆయన పోటీ చేసిన పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంటుకే వచ్చింది, అక్కడ సుంకం అచ్చాలు గెలిచారు.

కమ్యూనిస్టు పార్టీ గుర్తు మీదే గెలిచారా?

కాదు. హైదరాబాద్ రాష్ట్రంలో పార్టీ మీద నిషేధం ఉండేది. అందుకని పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీ చేశారు. అందరూ పీడీఎఫ్ అనేవాళ్లు. ఆ ఫ్రంటుకు 175 స్థానాల హైదరాబాద్ శాసనసభలో 42, లోక్‌సభలో 7 వచ్చాయి. కరీంనగర్‌లో బద్దం ఎల్లారెడ్డి, వరంగల్‌లో పెండ్యాల రాఘవరావు లోక్‌సభకు గెలిచారు. ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి శాసనసభకు వెళ్లారు.

ఇది ఎప్పుడు జరిగిందో చూడండి. పోరాటం ఆగి అప్పటికి నాలుగు నెలలు కూడా కాలేదు. ఎంతోమంది కార్యకర్తలు ఇంకా జైళ్లలోనే ఉన్నారు. పోలీసు క్యాంపుల భయం పోలేదు. అయినా జనం వచ్చారు. అప్పట్లో ఇప్పటిలా ఒకే కాగితం మీద అన్ని గుర్తులూ ఉండేవి కావు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు. చాటుకు పోయి తనకు కావాల్సిన పెట్టెలో కాగితం వేసి రావాలి. అక్షరం రాని ముసలమ్మ, నిన్నటిదాకా దొర ఎదురొస్తే చెప్పులు చేతపట్టుకున్న జీతగాడు, ఎవరికీ చెప్పాల్సిన పని లేకుండా తన పెట్టె తాను వెతుక్కున్నారు. ఆ దృశ్యం ఊహించుకున్న ప్రతిసారీ నాకు కళ్లు చెమరుస్తాయి. మూడు లక్షల తొమ్మిది వేల నూట అరవై రెండు అనే అంకె వెనక వాళ్లే ఉన్నారు.

పార్లమెంటు భవనాన్ని ఆయన చేతే ప్రారంభించారట?

ఈ కథ నేనూ చిన్నప్పుడు విన్నాను, నమ్మాను కూడా. కానీ పాత పార్లమెంటు భవనం 1927లోనే ప్రారంభమైంది, రాజ్యాంగ సభ కూడా అందులోనే కూర్చుంది. కాబట్టి 1952లో ఎవరూ దాన్ని కొత్తగా ప్రారంభించే అవకాశం లేదు. పరీక్షలో ఇది రాయొద్దు. ఓట్ల అంకె రాయండి, అది రికార్డులో ఉంది.

తర్వాత ఏమేం పదవులు చేశారు?

1952లో లోక్‌సభతో పాటు భువనగిరి శాసనసభ స్థానంలోనూ గెలిచారు, లోక్‌సభకే వెళ్లారు. 1957లో మళ్లీ భువనగిరి ఎమ్మెల్యే. 1962లో సీపీఐ తరఫున నల్లగొండ ఎంపీ. మంత్రి పదవి ఎన్నడూ చేయలేదు. 1964లో పార్టీ చీలినప్పుడు సీపీఐలోనే ఉండిపోయారు.

(అదే నల్లగొండ లోక్‌సభ స్థానంలో 1996లో 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ నీళ్ల బాధ దేశానికి తెలియాలని రైతులు వందల్లో నామినేషన్లు వేశారు. ఓటు పెట్టెతో మాట్లాడటం మా జిల్లాకు అప్పటి నుంచీ అలవాటు.)

మంత్రి కూడా కానివాడిని రాజనీతిజ్ఞుడని ఎట్లా అంటారు?

పదవి లెక్కన చూస్తే అనలేం. పని లెక్కన చూస్తే అనొచ్చు. అడవిలోనో జైల్లోనో ముగిసిపోవాల్సిన ఒక పోరాటాన్ని చట్టసభలోకి నడిపించిన కొద్దిమందిలో ఆయన ఒకరు. మొదటి లోక్‌సభలో ప్రతిపక్షంలో పెద్ద గొంతు కమ్యూనిస్టులదే. ఏ.కె. గోపాలన్ నాయకుడు. ఆ బెంచీల మీద తెలంగాణ నుంచి పీడీఎఫ్ సభ్యులు కూర్చున్నారు.

ఇంకో సంగతి. 1949లో జాగీర్ల రద్దు, 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం, రక్షిత కౌలుదారు హక్కు, ఇవన్నీ ప్రభుత్వాలు తమంతట తాము దయతలచి ఇచ్చినవి కావు. కింద ఊళ్లు కదిలాయి కాబట్టి పైన చట్టాలు వచ్చాయి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లికి వచ్చింది కూడా ఈ పోరాట ప్రాంతంలో నడుస్తూనే. అక్కడ వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చి భూదానానికి నాంది పలికారు. బొల్లేపల్లి, పోచంపల్లి రెండూ ఒకే భువనగిరి ప్రాంతపు ఊళ్లు. భూమి అనే ఒక్క ప్రశ్నకు రెండు వేరు వేరు జవాబులు ఇంత దగ్గర్లో పుట్టాయి.

విశాలాంధ్ర కావాలన్నారు కదా? తెలంగాణకు వ్యతిరేకమా?

కమ్యూనిస్టు పార్టీ అప్పట్లో విశాలాంధ్ర వైపే ఉంది, ఆయనా అటే. తెలుగువాళ్లంతా ఒక్కటైతే నిజాం కాలపు భూస్వామ్యం తొందరగా పోతుందని వాళ్ల నమ్మకం. ఆ తర్వాత జరిగిన అన్యాయాలు మనకు తెలుసు కాబట్టి ఇప్పుడు వేరుగా చూస్తాం. 1950ల మనిషిని 2014 కళ్లతో నిలదీయడం సరికాదు. ఆ నిర్ణయంతో నేను ఏకీభవించను, ఆ ఉద్దేశాన్ని మాత్రం అనుమానించను.

ఎప్పుడు చనిపోయారు? ప్రభుత్వం గుర్తించిందా?

1991 సెప్టెంబర్ 7న, 83 ఏళ్ల వయసులో చనిపోయారు. 1992లో పద్మవిభూషణ్ ప్రకటించారు, అంటే మరణానంతరం. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ఆయన పేరిట ఆడిటోరియం ఉంది.

ప్రాజెక్టులో అందరూ రాసేదే కాకుండా ఇంకేం రాయొచ్చు?

మీ ఊరి గురించి రాయండి. గడీ ఉందా, ఉంటే ఇప్పుడు అందులో ఏముంది? అమరుల స్తూపం మీద ఎవరెవరి పేర్లున్నాయి? చాలా స్తూపాలు రంగు వెలిసి, పేర్లు చెరిగిపోతున్నాయి. కాగితం మీద రాసుకోండి, ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఎనభై అయిదు దాటిన తాతలు, అమ్మమ్మలు ఉంటే పక్కన కూర్చుని అడగండి. 'పోరాటం గురించి చెప్పు' అంటే వాళ్లు చెప్పరు. 'సంగపోళ్లకు మీ ఇంట్ల అన్నం పెట్టిండ్రా' అని అడగండి. 'చీకట్ల ఎవరు మోసుకపోయిండ్రు, గిన్నె ఎక్కడ దాచేటోళ్లు' అని అడగండి. అప్పుడు మొదలుపెడతారు. రికార్డింగ్ ఆన్ చేసి ఉంచుకోండి, మధ్యలో ఆపొద్దు.